ఫుజీ కొండ: రెండోసారి ఎక్కిన ముచ్చట



జపాను నుంచి నేను తిరిగి వచ్చిన మర్నాడు పక్కింటి పిన్నిగారు చూడడానికి వచ్చారు. ఫోటోలన్నీ ఒక్కొక్కటే ఓపిగ్గా చూశారు. చూసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "అగ్నిపర్వతం ఎక్కానంటివి. నిప్పేదే? పొగైనా కనబడదేం?" అన్నారు. అంత డబ్బు పోసి విమానమెక్కి వెళ్ళి నేనేదో ఊరి బయటి రాళ్ళగుట్ట ఎక్కొచ్చినట్టుగా ఉంది ఆవిడ ధోరణి. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గాని, తర్వాత ఆలోచిస్తే ఆ ప్రశ్న న్యాయమైనదే అనిపించింది. మన దేశం మొత్తానికి రగిలే అగ్నిపర్వతం ఒక్కటే ఉంది. అదీ అండమాను సముద్రంలో, మనుషులెవరూ ఉండని బారెన్ దీవిలో. ఇక మనకు తెలిసేదెలా? కనుక ఈవేళ ఆ నిప్పు సంగతీ, ఆ కొండ ఎక్కడంలో నేను పడ్డ పాట్లూ, అక్కడ ఆడవాళ్ళకు జరిగిన కథా మీతో చెప్పుకుందామని వచ్చాను.

మా అమ్మాయీ అల్లుడూ ఉద్యోగరీత్యా టోక్యోలో ఉంటున్నారు. ఆకాశం తేటగా ఉన్న రోజున వాళ్ళ మేడ మీంచి చూస్తే పడమటి దిక్కున తెల్లటి గోపురంలాగా కనిపిస్తుంది ఫుజీ. వంద కిలోమీటర్ల దూరం. ఎత్తు 3,776 మీటర్లు. జపానులో అంతకన్నా ఎత్తయిన కొండ లేదు. చుట్టూ కొండలు లేకుండా ఒంటరిగా, బోర్లించిన గరాటులాగా నిలబడి ఉండడం వల్ల ఉన్నదానికన్నా ఎత్తుగా అనిపిస్తుంది.

అది నిప్పు లేని కొండ కాదు, నిద్రపోతున్న కొండ. చివరిసారి లేచింది 1707 డిసెంబరులో. అంతకు ఏడు వారాల ముందు ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. తర్వాత కొండ శిఖరం నుంచి కాకుండా ఆగ్నేయపు పక్కన బద్దలైంది. రెండు వారాల పైచిలుకు బూడిద కక్కింది. ఆ బూడిద గాలికి కొట్టుకొచ్చి ఎదో నగరం మీద పడింది. ఎదో అంటే ఇప్పటి టోక్యోయే. పట్టపగలు దీపాలు పెట్టుకోవలసి వచ్చిందని ఆనాటి పండితుడు అరాయి హకుసెకి తన ఆత్మకథలో రాసుకున్నాడు. కొండ పక్కన అప్పుడు పడ్డ గొయ్యి ఇప్పటికీ అలాగే ఉంది, పండులో పక్షి పొడిచిన గాటులాగా.

మరి ఆ నిప్పు అక్కడే ఎందుకు పుట్టింది? భూమి పైపొర ఒక్క ముక్క కాదు, కొన్ని పెద్ద పలకలు. జపాను దగ్గర సముద్రం కింది పలకలు మెల్లమెల్లగా నేల కింది పలక అడుక్కి దూరిపోతున్నాయి. దూరేటప్పుడు తమతో సముద్రపు తేమను కూడా లోపలికి తీసుకుపోతాయి. మనం ఇంట్లో కుల్ఫీ చేసేటప్పుడు ఐసు మీద రాతిఉప్పు చల్లుతామే, ఐసు త్వరగా కరుగుతుందని? ఆ లోతున వేడెక్కి ఉన్న రాతికి ఈ తేమ తగిలితే అదే జరుగుతుంది. మామూలుగా ఆ వేడికి కరగని రాయి, తేమ తగిలితే కరిగిపోతుంది. కరిగిన రాయి తేలిక, పైకి వస్తుంది. ఒకసారి ద్రవంగా పొంగి పారుతుంది, ఒకసారి బూడిదగా, రాళ్ళుగా ఎగిరిపడుతుంది. పొర మీద పొర, పొర మీద పొర. మడత కాజాను కోసి చూసినట్టే ఉంటుంది ఫుజీ లోపల. అంతేకాదు, ఇప్పుడు మనం చూసే ఫుజీ లోపల పాత ఫుజీ ఒకటి, దాని పక్కన అంతకన్నా పాత కొండ ఒకటి దాగి ఉన్నాయట. పైనున్న కొత్త ఫుజీకి సుమారు పదివేల ఏళ్ళు. కొండల లెక్కలో చంటిపిల్ల!

సరే, నా కథకు వస్తాను. నేను తిరుమల మెట్లదారిన మూడుసార్లు ఎక్కినదాన్ని. అలిపిరి దగ్గర మొదలుపెట్టి, 3,550 మెట్లూ, మోకాళ్ళ పర్వతం దగ్గర తప్ప ఎక్కడా కూర్చోకుండా. ఆ గర్వం నాకు బాగా ఉంది. 2023 జులైలో మొదటిసారి టోక్యో వెళ్ళినప్పుడు అమ్మాయి ఫుజీ ప్రస్తావన తెస్తే, "దానికేం భాగ్యం, పదండి" అన్నాను. అప్పటికి నాకు యాభై ఎనిమిదేళ్ళు. మావారు తెలివిగా, మోకాళ్ళ నెప్పులని చెప్పి ఇంట్లో ఉండిపోయారు.

మాకు సెలవు ఒక్కరోజే దొరికింది. కొండ మీది సత్రాల్లో చోటు లేదు. అందరూ చేస్తున్నారు గదా అని మేమూ ఒక ఎత్తు వేశాం: సాయంత్రం బస్సెక్కడం, రాత్రంతా నడవడం, తెల్లవారేసరికి శిఖరం మీద సూర్యోదయం చూడడం, దిగి రావడం. జపాను వాళ్ళు ఇలాంటి ఎక్కుడుకు తుపాకి గుండు పేరు పెట్టారు. ఆగకుండా దూసుకుపోవడం అన్నమాట. ఆ పేరులోనే హెచ్చరిక ఉంది, నాకు అప్పుడు తెలియలేదు.

కొండను కింది నుంచి పై దాకా పది మజిలీలుగా విభజించారు. పూర్వం యాత్రికులు అడుగు నుంచే నడిచేవాళ్ళు. ఇప్పుడు ఐదో మజిలీ దాకా తారురోడ్డు. బస్సు మనల్ని తీసుకెళ్ళి 2,300 మీటర్ల ఎత్తున దింపుతుంది. ఆ అంకె ఒక్కసారి గుర్తుంచుకోండి. మన తూర్పు కనుమల్లో ఎత్తయిన శిఖరాలు కూడా 1,700 మీటర్లకు లోపే. అంటే నేను నడక మొదలుపెట్టే చోటే, నేను పుట్టి బుద్ధెరిగి ఎక్కిన ఏ కొండకన్నా చాలా పైన ఉంది. టోక్యోలో సముద్రమట్టాన అన్నం తిన్న మనిషి రెండున్నర గంటల్లో అక్కడ! ఒంటికి ఆ సంగతి తెలిసేలోపే నేను కర్ర పుచ్చుకుని బయల్దేరాను.

కర్ర గురించి చెప్పాలి. ఐదో మజిలీలో పలకలు చెక్కిన కర్రలు అమ్ముతారు. దారిలో ప్రతి సత్రం దగ్గరా కాస్త డబ్బిస్తే ఎర్రగా కాల్చిన ఇనప అచ్చుతో ఆ కర్ర మీద తమ ముద్ర వేస్తారు. ఎంత ఎత్తుకు వచ్చామో ఆ ముద్ర చెబుతుంది. చిన్నపిల్లలా ప్రతి చోటా ముద్ర వేయించుకున్నాను.

ఆరో మజిలీ దాటాక చెట్లు లేవు. కాళ్ళకింద అంతా ఎర్రటి, నల్లటి పలుకురాళ్ళు. కమ్మరి కొలిమి దగ్గర పారబోసే చిట్టెం చూశారా, అచ్చం అదే. చేతిలోకి తీసుకుంటే తేలిక. దోశె మీద చిల్లుల్లాగా రాయి నిండా చిల్లులు. కరిగిన రాతిలోంచి ఆవిరి బుడగలు పోయిన గుర్తులవి. ఎరుపు దేనివల్లనంటే, రాతిలోని ఇనుము పట్టిన తుప్పు. అడుగు వేస్తే ముప్పాతిక అడుగు ముందుకు, పాతిక అడుగు వెనక్కు. ఏడో మజిలీ నుంచి పెద్ద బండలు, చేతులు కూడా ఉపయోగించి ఎక్కాలి. వెనక్కి తిరిగి చూస్తే, కింది నుంచి పైకి తలదీపాలు కట్టుకున్న జనం బారు. కార్తీక పౌర్ణమినాడు మెట్ల వెంట దీపాలు పెట్టినట్టుంది. అంత అందమైన దృశ్యం నేను చూడలేదు. అంత చలీ ఎరగను.

అర్ధరాత్రి దాటాక ఎనిమిదో మజిలీ చేరాం, 3,100 మీటర్లు. అప్పటికి గంట నుంచీ తలనొప్పి. కణతల దగ్గర ఎవరో బిగించి కట్టినట్టు. చెబితే అందరూ ఆగిపోవలసి వస్తుందని చెప్పలేదు. చూడండి, ఇది మన ఆడవాళ్ళందరికీ ఉన్న జబ్బే. సత్రం ముందు బల్ల మీద కూర్చోగానే వాంతి అయింది. మళ్ళీ అయింది. లేచి నిలబడితే తూలిపోయాను. సత్రంలో పనిచేసే కుర్రాడు వచ్చి నా మొహం చూసి, అమ్మాయితో రెండే మాటలు చెప్పాడు. అది విని అమ్మాయి, "అమ్మా, కిందికి పోదాం" అంది. "కాస్త కూర్చుంటే తగ్గుతుంది, మీరు వెళ్ళి రండి" అన్నాను. "తగ్గదు. దిగితేనే తగ్గుతుంది" అంది. అల్లుడు మాత్రం ఏమీ అనకుండా నా సంచీ తీసి తన భుజాన వేసుకున్నాడు. ముగ్గురం వెనక్కి తిరిగాం.

ఆరేళ్ళుగా అక్కడ ఉంటూ, "అమ్మ వచ్చినప్పుడు ఎక్కుదాం" అని వాయిదా వేస్తూ వచ్చిన పిల్ల. దిగేటప్పుడు నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అంటే బాగుండుననిపించింది. 2,700 మీటర్ల దగ్గర మలుపు తిరుగుతుండగా తూర్పున మేఘాల మీద సూర్యుడు వచ్చాడు. ఆ దారి కొండకు తూర్పుమొహాన ఉంది గనుక ఎక్కడ నిలబడ్డా సూర్యోదయం కనబడుతుంది. ముగ్గురం నిలబడి చూశాం. విచిత్రమేమిటంటే, ఆరో మజిలీకి వచ్చేసరికి నా తలనొప్పి ఎవరో చేత్తో తీసేసినట్టు పోయింది. ఆకలి కూడా వేసింది!

ఇలా ఎందుకవుతుందో మన వంటింటి భాషలో చెబుతాను. ప్రెషర్ కుక్కర్ ఏం చేస్తుంది? మూత బిగించి లోపల ఒత్తిడి పెంచుతుంది. దాంతో నీళ్ళు 100 డిగ్రీలు దాటాకగాని మరగవు, పప్పు తొందరగా ఉడుకుతుంది. కొండ పైకి పోతే సరిగ్గా దీనికి తలకిందులు. గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. ఫుజీ శిఖరం మీద నీళ్ళు సుమారు 87 డిగ్రీలకే మరిగిపోతాయి. అక్కడ మామూలు గిన్నెలో అన్నం వండితే పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్ళ సంగతి అదైతే మన ఊపిరి సంగతి? ఐదో మజిలీలో గాలి ఒత్తిడి సముద్రమట్టాన ఉన్నదానిలో మూడు పాళ్ళు, శిఖరం మీద మూడింట రెండు వంతులకన్నా తక్కువ. ప్రతి శ్వాసలోనూ ప్రాణవాయువు ఆ మేరకు తక్కువే. దానికి ఒళ్ళు అలవాటు పడగలదు. కాని తనకు కావలసిన సమయం ఇవ్వాలి. ఇవ్వకపోతే తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం, నిద్ర పట్టకపోవడం. బలానికీ దీనికీ సంబంధం లేదు. పాతికేళ్ళ వస్తాదులు కూడా బల్లల మీద తలలు పట్టుకుని కూర్చుని ఉండడం నేను చూశాను. డబ్బాల్లో ప్రాణవాయువు అమ్ముతారు. పీలిస్తే ఆ కాసేపు హాయిగా ఉంటుంది, డబ్బా అయిపోగానే మామూలే. మందు ఒక్కటే, దిగడం. నడక తడబడుతున్నా, మాట తికమకగా ఉన్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా ఇక ఒక్క క్షణం కూడా ఆగకూడదు.

ఇంటికి వచ్చాక నాలుగు రోజులు మోకాళ్ళకు కాపడం పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ నాలుగు రోజులూ అమ్మాయి తన పుస్తకాలు ముందు వేసుకుని, ఆ కొండ గురించి ఒక్కో కథే చదివి చెప్పింది. నా బాధ సగం తీరింది అక్కడే.

ఫుజీకి అధిదేవత ఒక అమ్మవారు. పేరు కోనోహనసాకుయ హిమే, పూలు పూయించే రాకుమారి. ఆమెకు పెళ్ళయి ఒక్కరాత్రికే గర్భం వస్తే భర్త అనుమానించాడు. ఆ తల్లి ద్వారాలు లేని గుడిసెలోకి వెళ్ళి, దానికి నిప్పు పెట్టి, ఆ మంటల్లోనే ముగ్గురు కొడుకులను కని, చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. మన సీతమ్మవారి అగ్నిప్రవేశం గుర్తుకు రాలేదూ? ఇంత దూరాన, సముద్రాలకవతల, ఆడదాని శీలానికి సాక్ష్యం మళ్ళీ నిప్పే! ఎక్కడైనా ఒకటే కథ అనిపించి కాసేపు నోట మాట రాలేదు నాకు.

అలాంటి అమ్మవారి కొండ గదా, ఆడవాళ్ళను ఆదరించిందా అంటే, అదీ లేదు. కొన్ని వందల ఏళ్ళు స్త్రీలు ఆ శిఖరం ఎక్కకూడదు. మైల అన్నారు. మామూలు సంవత్సరాల్లో రెండో మజిలీ దగ్గరే ఆపేసేవాళ్ళు. అరవై ఏళ్ళకొకసారి వచ్చే కోతి సంవత్సరంలో మాత్రం ఇంకాస్త పైకి రానిచ్చి, అక్కడి నుంచే దండం పెట్టుకోమనేవాళ్ళు. 1832లో టకయామా తత్సు అనే యువతి మగవేషం వేసుకుని, ఫుజీ భక్తబృందపు గురువు ఒకాయన సహాయంతో, యాత్రాకాలం ముగిసి జనం లేని రోజుల్లో మంచులో పడి శిఖరం చేరింది. శిఖరం చేరిన స్త్రీగా చరిత్రకు తెలిసిన మొదటి పేరు ఆమెదే. 1867లో బ్రిటిషు రాయబారి హారీ పార్క్స్ భార్య భర్తతో కలిసి ఎక్కింది. విదేశీ దొరసానిని కాదనలేకపోయారన్నమాట. చివరికి 1872లో ప్రభుత్వమే గుళ్ళలోనూ, పుణ్యక్షేత్రాల్లోనూ ఆడవాళ్ళకున్న నిషేధాన్ని తీసేసింది.

నాకు అందరికన్నా ఎక్కువగా మనసుకు పట్టింది నోనకా చియోకో కథ. ఆమె భర్త నోనకా ఇతారుకు శీతకాలంలో శిఖరం మీద వాతావరణం కొలవాలని పట్టుదల. అంత ఎత్తున ఏడాది పొడుగునా కొలతలు తీస్తే తుఫానుల రాకపోకలు ముందుగా తెలుస్తాయని ఆయన నమ్మకం. 1895లో సొంత డబ్బుతో పైన చిన్న గుడిసె వేసుకుని అక్టోబరు నుంచి ఒక్కడే మొదలుపెట్టాడు. రెండు గంటలకొకసారి, పగలూ రాత్రీ, రోజుకు పన్నెండుసార్లు. ఒక్క మనిషి ఎప్పుడు నిద్రపోవాలి? ఆ లెక్క ఆయన వేసుకోలేదు, ఆవిడ వేసింది. పసిబిడ్డను పుట్టింట్లో అప్పగించి, చలికోటు కప్పుకుని, తానూ ఎక్కి వచ్చేసింది. భర్త ముందు కోప్పడ్డాడట. తర్వాత ఇద్దరూ వంతులవారీగా కొలతలు తీశారు. తిండి ఉడకదు, చలికి పరికరాలు పాడైపోతున్నాయి, ఇద్దరికీ ఒళ్ళు వాచిపోయి జబ్బు చేసింది. డిసెంబరు చివర్లో జనం వచ్చి వాళ్ళను వీపున మోసుకుని దించారు. వాళ్ళ ప్రయత్నం సగంలో ఆగిపోయిందనే అనాలి. కాని అదే చోట తర్వాత ప్రభుత్వం వాతావరణ కేంద్రం పెట్టింది. 1964లో తుఫానులను దూరం నుంచే పసిగట్టే రాడారు నిలబెట్టింది. 2004 దాకా అక్కడ మనుషులుండి పనిచేశారు.

ఇంకొకరు జుంకో తబెయ్. 1975 మే 16న ఎవరెస్టు శిఖరం చేరిన మొదటి మహిళ ఆవిడే. 2011 భూకంపం, సముద్రపు ఉప్పెనలో దెబ్బతిన్న ఈశాన్య ప్రాంతపు హైస్కూలు పిల్లలను ఏటా ఫుజీకి తీసుకువెళ్ళేవారు. 2016 జులైలో, కేన్సరుతో ఉండి కూడా, పిల్లలతో బయల్దేరారు. సుమారు 3,000 మీటర్ల దగ్గర తాను ఆగిపోయి పిల్లల్ని పైకి పంపించారు. అదే ఆవిడ చివరి కొండ. ఆ అక్టోబరులో కన్నుమూశారు. ఇది చదివి అమ్మాయి పుస్తకం మూసేసి, "నువ్వు ఆవిడకన్నా వంద మీటర్లు ఎక్కువే ఎక్కావమ్మా" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

కర్రను అమ్మాయి ఇంట్లోనే మూలన పెట్టి వచ్చేశాను. 3,100 దాకా ముద్రలు, పైన ఖాళీ కర్ర.

2025 ఆగస్టులో మళ్ళీ వెళ్ళాను. ఈ రెండేళ్ళలో అక్కడి పద్ధతులు మారాయి. మేము ఎక్కిన యోషిదా దారికి ఐదో మజిలీ దగ్గర గేటు పెట్టారు. మనిషికి 4,000 యెన్లు రుసుము, మన డబ్బుల్లో రెండు వేల పైచిలుకు. రోజుకు 4,000 మందిని మించి పోనివ్వరు. సత్రంలో చోటు ఖాయం చేసుకోనివాళ్ళకు మధ్యాహ్నం రెండింటి నుంచి తెల్లవారుజాము మూడింటి దాకా ప్రవేశం లేదు. నాలాంటి తుపాకి గుండ్ల వల్లే పెట్టారనుకుంటాను. పెట్టి మంచిపని చేశారు. ఎక్కనిచ్చేదే జులై ఆరంభం నుంచి సెప్టెంబరు పదో తేదీ దాకా. మిగతా రోజుల్లో మంచు, పెనుగాలి.

ఈసారి మూడు నెలల ముందు నుంచీ ఇంటి దగ్గర రోజూ గంట నడిచాను, వారానికి రెండుసార్లు మేడమెట్లు ఎక్కి దిగాను. ఎక్కడంకన్నా దిగడమే మోకాళ్ళకు పరీక్ష అని నాకు తెలిసింది గదా! చీరె కట్టుకుని ఈ కొండ ఎక్కడం కుదరదు. ఈ వయసులో ప్యాంటు ఏమిటని మొదటిసారి చుడీదారుతో వెళ్ళి తడిసి ముద్దయ్యాను. ఈసారి మొహమాటం మానేసి, తడిసినా చప్పున ఆరే ప్యాంటూ, దళసరి ఉన్ని బనీనూ, పైకోటూ కిందికోటూ విడివిడిగా ఉన్న వానదుస్తులూ వేసుకున్నాను. గొడుగు ఆ గాలికి నిలవదు. ప్రతి వంద మీటర్లకూ అర డిగ్రీ పైన చల్లబడుతుంది. టోక్యోలో చెమటలు కారుతుంటే పైన మన మాఘమాసపు తెల్లవారుజాముకన్నా ఎక్కువ చలి. చీలమండ పైదాకా వచ్చే బూట్లు, చేతొడుగులు, తలదీపం. వంద యెన్ల బిళ్ళలు ఒక గుప్పెడు, ఎందుకంటే మరుగుదొడ్డికి ప్రతిసారీ రెండో మూడో బిళ్ళలు వేయాలి. ఆ కొండ మీద వాగూ లేదు, వంకా లేదు. కురిసిన వాన అంతా ఆ చిల్లుల రాళ్ళలోంచి లోపలికి ఇంకిపోయి, అడుగున ఓషినో వంటి ఊళ్ళలో తేటనీటి ఊటలుగా పైకొస్తుంది. అందుకని పైన ప్రతి చుక్కా వాననీరో, మోసుకొచ్చిందో. స్నానం మాట ఎత్తకూడదు. మంచినీళ్ళ సీసా ధర ఎక్కేకొద్దీ తానూ ఎక్కుతుంది.

తిండి విషయం శాకాహారులు ముందే చూసుకోవాలి. సత్రాల్లో రాత్రికి సాధారణంగా కూర కలిపిన అన్నం పెడతారు. మన కూర పేరే గాని అందులో మాంసం ఉంటుంది. నేను నిమ్మకాయ పులిహోర పట్టుకెళ్ళాను. మొదటి పూట అమృతం. మర్నాటికి చలికి గింజలు బిరుసెక్కి మరమరాలయ్యాయి. నిజానికి వేరుశెనగ ఉండలూ, ఖర్జూరాలూ, ఉప్పు వేసిన జీడిపప్పూ వీటన్నిటికన్నా అక్కరకొచ్చాయి.

ఇక నడక. ఐదో మజిలీలో దిగి గంటన్నర ఊరికే కూర్చున్నాం. టీ తాగాం, గుడి చూశాం. ఒళ్ళు అలవాటు పడడానికి అదే మొదటి మందు. తర్వాత నేను ముందు, వాళ్ళిద్దరూ నా వెనక. ఇది అల్లుడు పెట్టిన నియమం. "అత్తయ్యా, మీ వేగమే మా వేగం. మాటలాడుతూ నడవలేకపోతే మనం తొందరపడుతున్నట్టే లెక్క" అన్నాడు. పాదమంత దూరం అడుగు, ఊపిరి నిండా వదలడం, అరగంటకొకసారి రెండు గుక్కల నీళ్ళు. పిల్లా పెద్దా అందరూ మమ్మల్ని దాటిపోయారు. తెల్లబట్టలు కట్టుకుని గంటలు మోగించుకుంటూ ఒక యాత్రికుల బృందం వెళ్ళింది. వాళ్ళు పాడేది "రొక్కోన్ షోజో" అని అమ్మాయి చెప్పింది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్ళు, మనసు ఈ ఆరూ నిర్మలమవుగాక అని అర్థమట. బౌద్ధంతోబాటు మన దేశం నుంచి నడిచి వెళ్ళిన మాటే. నేను మనసులో గోవింద నామం అనుకుంటూ వాళ్ళ వెనకే అడుగు కలిపాను.

సాయంత్రం నాలుగింటికి ఎనిమిదో మజిలీ సత్రం చేరాం. వెంటనే పడుకోకూడదట. నిద్రలో ఊపిరి పలచబడి తలనొప్పి పట్టుకుంటుంది. గంటసేపు బయట తిరిగి అప్పుడు భోంచేశాం. పాత బల్ల అక్కడే ఉంది. దాని మీద కాసేపు కూర్చున్నాను కూడా. అర్ధరాత్రి ఒంటిగంటకు సత్రమంతా లేచి శిఖరం మీది సూర్యోదయానికి పరుగెత్తింది. మేము కదలలేదు. మునుపే చెప్పాను గదా, సూర్యుడు ఆ గుమ్మంలోంచి కూడా కనబడతాడు. చూసి, టీ తాగి, ఐదు దాటాక జనం పలచబడ్డ దారిలో బయల్దేరాం.

చివరి మజిలీలో పదడుగులకొకసారి ఆగాను. తల దిమ్ముగా ఉంది గాని నొప్పి లేదు. ఎనిమిదిన్నరకు రెండు రాతిసింహాల మధ్య నుంచి తోరణం దాటి శిఖరం మీద అడుగు పెట్టాను. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇద్దరమూ ఏమీ మాట్లాడుకోలేదు.

అప్పుడు వెళ్ళి అంచున నిలబడి లోపలికి చూశాను, పిన్నిగారడిగిన నిప్పు కోసం. రెండు వందల మీటర్ల లోతున పెద్ద గుండిగ. ఎర్రటి, గోధుమరంగు, నల్లటి గోడలు, పొరలు పొరలుగా. ఒకవైపు నీడలో కాస్త మాసిన మంచు. ఎక్కడో రాయి జారిన చప్పుడు, తర్వాత గాలి. అంతే. జపాను వాళ్ళు ఆ అంచు చుట్టూ తిరగడాన్ని అన్నపు గిన్నె చుట్టూ తిరగడమంటారు, గంటన్నర ప్రదక్షిణం. దాని అంచునే అసలు ఎత్తయిన చోటూ, పాత వాతావరణ కేంద్రమూ ఉన్నాయి. నేను సగం దాకా వెళ్ళి, గాలి బలంగా ఉంటే వెనక్కి వచ్చేశాను. చియోకో గుడిసె ఉన్న ఆ కొమ్మును దూరం నుంచే చూసి దండం పెట్టుకున్నాను. కొండ మీది తపాలా కార్యాలయం వేసవిలో కొన్ని వారాలు తెరుస్తారని విన్నాను. అదీ అవతలి పక్కనే, వెళ్ళలేకపోయాను.

దిగే దారి వేరు. చిట్టెం పొడి మీద మెలికలు మెలికలుగా, మూడు నాలుగు గంటలు. దుమ్ముకు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. ఎనిమిదో మజిలీ దగ్గర దారి చీలుతుంది. చూసుకోకుండా పోతే సుబషిరి అనే మరో దిక్కుకు దిగిపోతారు. అలా దిగి, తిరిగి రావడానికి టాక్సీకి బోలెడు పోసుకునేవాళ్ళు ఏటా ఉంటారట. నేను గుర్తుగా ఒక చిల్లుల రాయి జేబులో వేసుకోబోతే అమ్మాయి పట్టుకుంది. జాతీయ వనం, రాయి తీయకూడదు. తీసి కింద పెట్టేశాను.

పిన్నిగారికి ఇదంతా చెప్పాను. "మరి మళ్ళీ పేలుతుందా?" అన్నారు. 2000, 2001 సంవత్సరాల్లో లోతున చిన్న చిన్న కదలికలు ఎక్కువైతే అక్కడివాళ్ళు ఉలిక్కిపడ్డారు. అప్పటి నుంచి కొండ ఒంటి నిండా పరికరాలు పెట్టి, నేల ఏ కాస్త ఉబ్బినా, వణికినా కనిపెడుతున్నారు. ఎటు పేలితే ఏ ఊళ్ళు ఖాళీ చేయాలో పటాలు గీసి పెట్టుకున్నారు. 2021లో వాటిని సరిదిద్దారు కూడా. రోజు మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, నేను ఈసారి విమానంలో నానా తంటాలు పడి తెచ్చుకున్న కర్ర చేతిలోకి తీసుకున్నారు. కాల్చిన ముద్రల మీద వేలితో తడుముతూ కింది నుంచి పైదాకా వచ్చారు. 3,100 దగ్గర రెండు ముద్రలు పక్కపక్కనే ఉన్నాయి. "ఇదేమిటే, ఒకటే చోట రెండేశారు?" అని అడిగారు.